లారాకి కోనీ షాకప్‌లు: అమ్మ నడుము ఒప్పుకున్నది, ఓఆర్ఆర్ ఒప్పుకున్నది

ముందే చెప్తున్న, ఇది ట్రాక్ మీద టైమింగులు చూసుకునేటోడి రివ్యూ కాదు. నాది 2012 స్కోడా లారా 1.8 టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌ల కొన్న, లక్షా పాతిక వేలు తిరిగింది, వారమంతా నిజాంపేట నుంచి ఆఫీసు, నెలకి ఒకట్రెండు సార్లు అమ్మని వెనక సీట్ల కూసోబెట్టుకొని సూర్యాపేట. 160 హార్స్‌పవర్ బండి, ఇంజిన్ సంగతి నేను చెప్పనక్కర్లేదు, కానీ కొన్న ఏడాదికే షాకప్‌లు చేతులెత్తేసినయ్. స్పీడ్ బ్రేకర్ దిగినంక ముక్కు ఇంకో రెండు సార్లు ఊగితే గాని ఆగదు, ఓఆర్ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దగ్గర లేన్ మారితే స్టీరింగ్ ముందుపోతది, బాడీ తీరిగ్గా ఎనకాల వస్తది, వెనక టైర్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరితే అలలు అలలుగా తగిలేది. చౌటుప్పల్ రాకముందే అమ్మ నిమ్మకాయ చేతుల పట్టుకునేది, "ఏందిరా ఇది, కారా పడవా" అని.

నాకు కావాల్సింది రెండే. అమ్మ నడుముకి దెబ్బ తగలొద్దు, అనంతగిరి కొండ మలుపులల్ల నాకు మజా తగ్గొద్దు. ఎవర్ని అడిగినా ఒకటే మాట, మెత్తగా కావాల్నా గట్టిగా కావాల్నా ఏదో ఒకటి తేల్చుకో, రెండూ రావు అని. ఈ మాట సగమే నిజం, ఆ సగం ఏదో తెల్వనీకి నాకు రెండేళ్లు పట్టింది, మధ్యల రెండు పనికిమాలిన కొనుగోళ్లు కూడా అయినయ్.

మొదటిది ఆ రబ్బరు దిమ్మెలు. స్ప్రింగ్ చుట్ల మధ్యల దూరుస్తరు చూడండి, బఫర్ అంటరు, ఏ యాక్సెసరీస్ షాపుకి పోయినా అద్దంల పెట్టి అమ్ముతరు. బండి కొంచెం లేస్తది, మొదటి రోజు భలే ఉన్నదే అనిపిస్తది, ఎందుకంటే కిందికి కూసునుడు తగ్గుతది కాబట్టి. కానీ దిమ్మె దూర్చిన చోట ఆ చుట్టు పని చెయ్యదు, స్ప్రింగ్ మిగిలిన చుట్లతోనే బతకాలె, అంటే గట్టిపడ్డట్టు లెక్క, ఆల్రెడీ సచ్చిపోయిన షాకప్‌కి ఇప్పుడు ఇంకా గట్టి స్ప్రింగ్‌ని అదుపు చేసే పని అప్పజెప్పినం అన్నట్టు. రెండు వారాలల్ల పీకేసిన.

రెండోది చెప్పుకోనీకే సిగ్గు. లోయరింగ్ స్ప్రింగులు. 30 మిల్లీమీటర్లు కిందికి. షాపాయన "మీ షాకప్‌లు మంచిగనే ఉన్నయ్ సార్, స్ప్రింగులే వేస్కోండి చాలు" అన్నడు, నేను నమ్మిన, ఫొటోల బండి మస్తు కనపడ్డది, అది మాత్రం ఒప్పుకోవాలె. మా కాలనీల స్పీడ్ బ్రేకర్ ఎవరు కట్టిచ్చిండ్రో గాని సమాధి లెక్క ఉంటది, దాని మీద రోజూ పొద్దున బండి కడుపు గీరుకునుడు, ఆ సప్పుడికి మా వాచ్‌మన్ బయటికొచ్చి చూసుడు. పేరుకి 30 మిల్లీమీటర్లే, కానీ ఆ 30 పోయింది చక్రం పైకి లేవనీకి ఉన్న జాగల నుంచి, గుంత వచ్చిన ప్రతిసారి షాకప్ పైనున్న బంప్ స్టాప్ అనే ఆఖరి అడ్డుకి పోయి గుద్దుకుంటది, అది తగిలిన క్షణం సస్పెన్షన్ అన్నదే లేనట్టు. అమ్మ మాట పడవ నుంచి ఎడ్లబండికి మారింది. నాలుగు నెలలు ఓర్చుకున్న, మళ్లా పాత స్ప్రింగులే ఎక్కించిన. కట్ చేసిన స్ప్రింగుల గురించి అసలు మాట్లాడ, గ్రైండర్ పెట్టి చుట్టు కోసుడు అంటే బండిల ఉన్నోళ్ల ప్రాణంతో ఆట, ఎవరన్నా చేస్తమంటే అక్కడ్నుంచి లేచి రండి.

తర్వాత ఒక దోస్తు మూసారాంబాగ్ దిక్కు ఒక ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయిండు. అరవై దాటిన మనిషి, చిన్న షెడ్డు, బోర్డు కూడా సక్కగ లేదు, కానీ స్కోడా, ఫోక్స్‌వాగన్ బండ్లే లైన్‌ల ఉంటయ్. నేను బ్రాండుల పేర్లు మొదలువెడ్తే చెయ్యి అడ్డంపెట్టి "బేటా, ముందు నీకేం నొప్పో చెప్పు, మందు పేరు తర్వాత" అన్నడు. నేను చెప్పిన, అమ్మకి వాంతి అయితది, నడుము నొస్తది అని. ఆయన అన్న మాటే ఈ రివ్యూ మొత్తం. "ఆ రెండు ఒకటి కాదు."

కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే ఇది తెలిస్తే సగం డబ్బులు మిగుల్తయ్. బండి బరువు మోసేది స్ప్రింగ్, షాకప్ మొయ్యదు. స్ప్రింగ్ దెబ్బ తీసుకొని అంతకంత వెనక్కి ఇస్తది, ఆ వెనక్కిచ్చే ఊపుని నూనెలో పిస్టన్ నడిపి వేడిగ మార్చి ఖతం చేసేది షాకప్. ఇప్పుడు ఊపులు రెండు రకాలు. బాడీ మొత్తం ఊగేది నెమ్మది, సెకనుకి ఒకటి, మహా అయితే ఒకటిన్నర సార్లు. చక్రం ఒక్కటే గతుకులకి టపటప కొట్టుకునేది జల్దీ, సెకనుకి పది పదిహేను సార్లు. అమ్మకి వాంతి తెచ్చేది మొదటిది, నడుము ఇరగ్గొట్టేది రెండోది. షాకప్ గట్టిగ ఉంటే మొదటి రోగం పోతది, కానీ గతుకులన్నీ సీట్లకి వస్తయ్. మెత్తగ ఉంటే గతుకులు రావు, బండి పడవ అయితది. మలుపుల్ల బాడీ పక్కకి ఒరిగేది కూడా ఆ నెమ్మది ఊపుల లెక్కలకే వస్తది, అంటే నాకు కావాల్సిన హ్యాండ్లింగ్, అమ్మకి వాంతి రాకుండుడు, రెండూ ఒకే దిక్కున్నయ్! కొట్లాట నాకూ అమ్మకీ కాదు, అమ్మ కడుపుకీ అమ్మ నడుముకీ.

ఇగ ఆప్షన్లు. బిల్‌స్టైన్ బి4 అంటే కంపెనీ షాకప్ పోయినప్పుడు దాని జాగల అదే తీరు వేసుకునేది, బండి కొత్తదప్పుడు ఎట్లుండెనో అట్ల కావాలంటే అది చాలు, బడ్జెట్ తక్కువున్నోళ్లు ఇంకేం ఆలోచించకుండ అటే పోండి. బి6 అంటే మోనోట్యూబ్, లోపల ఒకటే గొట్టం ఉండేది, కంపెనీ స్ప్రింగులతోనే, హైట్ మారదు, కానీ డ్యాంపింగ్, అంటే ఊపుని ఆపే పట్టు, గట్టిగ ఉంటది. మా ఆఫీసుల ఒకాయన ఆక్టేవియాకి పసుపచ్చ బి6లు ఉన్నయ్, ఓఆర్ఆర్ మీద కూసున్న, పట్టాల మీద పోయినట్టు ఉన్నది, ఒక్కడే తిరిగేటోడికి, హైవే ఎక్కువున్నోడికి అంతకంటే ఏం కావాలె. తవ్వి వదిలేసిన గల్లీ రోడ్ల మీద మాత్రం రోడ్డు ఎట్లున్నదో మీకు చెప్తనే ఉంటది, అది లోపం కాదు, దాన్ని చేసిందే ఆ పనికి. బి8 అంటే పొడుగు తగ్గించింది, లోయరింగ్ స్ప్రింగులు వేసేటోళ్లకి, దానితోటి ఐబాక్ ప్రో-కిట్ లాంటి స్ప్రింగులు జత చేస్తరు, నేను లోయరింగ్ చూసొచ్చిన కాబట్టి ఆ పేజీ తెరవనే లేదు. కానీ ఎవరన్నా దించుడే కావాలనుకుంటే దానికి తగ్గ షాకప్‌తోనే దించుకోండి, నా లెక్క పాత షాకప్ మీద కాదు. కాయిలోవర్లు అంటే మరలు తిప్పి హైట్ మార్చేటియి, కొన్నిట్ల డ్యాంపింగ్ కూడా తిప్పుకోవచ్చు, ఆశ పుట్టిస్తయ్, కానీ నిజంగ ఎంతమంది తిప్పుతరు చెప్పండి, మన వానాకాలం బురదల ఆ మరలు పట్టేస్తే ఇగ అది ఖరీదైన ఫిక్స్‌డ్ సస్పెన్షనే.

చివరికి నేను తీసుకున్నది కోనీ స్పెషల్ యాక్టివ్. నెదర్లాండ్స్ కంపెనీ, ఇదే ముందట ఎఫ్ఎస్‌డీ పేరుతోని వచ్చేది. లోపల ఒక చిన్న వాల్వ్ ఉంటది, మెయిన్ పిస్టన్‌తోపాటు నూనెకి ఇంకో పక్కదారి ఇస్తది. చక్రం టపటప కొట్టుకునేటప్పుడు ఆ పక్కదారి తెరిచే ఉంటది, నూనె సులువుగ పోతది, షాకప్ మెత్తగ ఉంటది. బాడీ నెమ్మదిగ ఊగేటప్పుడు లోపల ప్రెషర్ పెరిగి ఆ దారి మూసుకుంటది, షాకప్ గట్టిపడ్తది. వైర్ లేదు, సెన్సర్ లేదు, బటన్ లేదు. ఉస్తాద్ చెప్పిన ఆ రెండు రోగాలని నిజంగనే వేరు వేరుగ చూస్తదన్నమాట, నేను ఇది చదివిన రాత్రే ఫిక్స్ అయిపోయిన.

ఆర్డర్ పెట్టే ముందు ఒక్క సంగతి, లారా, జెట్టా ఉన్నోళ్లు దయచేసి వినండి. ఒకే అడుగుచట్రం మీద కట్టిన ఈ బండ్లకి ముందు స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకప్పూ కలిసున్న కాలు, కింద క్లాంప్‌ల దూరే జాగ కొన్నిట్ల 50 మిల్లీమీటర్లు, కొన్నిట్ల 55. బయటికి ఏం తేడా తెల్వదు, మోడల్ ఇయర్ చూసి గెస్ కొట్టొద్దు. ఉస్తాద్ చక్రం విప్పి వెర్నియర్ కాలిపర్ పెట్టి చూసిండు, నాది 55 వచ్చింది, నేను వెబ్‌సైట్ కార్ట్‌ల అప్పటికే 50ది పెట్టుకొని కూసున్న. యూరప్ నుంచి తెప్పించి, కస్టమ్స్ కట్టి, డబ్బా విప్పినంక సైజు తప్పని తెలిస్తే ఇగ ఏడ్చుడే.

ఫిట్టింగ్ రోజు నేను పొద్దున తొమ్మిదింటికి పోయి స్టూల్ ఏసుకొని కూసున్న. ఉస్తాద్ ఫస్ట్ చేసిన పని ఏందంటే బండి ఇంకా నేల మీదనే ఉండంగ, టేపు పట్టి ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాక కొలిచి, నాలుగు నంబర్లు సుద్దతోని నేల మీద రాసిండు. ఎందుకు అంటే "శామ్‌కు చెప్త" అన్నడు. ముందు స్ట్రట్ దిగాలంటే ఆ క్లాంప్ నోరు కొంచెం తెరవాలె, దానికి కోడిగుడ్డు ఆకారంల ఒక బిట్టు ఉంటది, సందుల పెట్టి పావు వంతు తిప్పితే క్లాంప్ నోరు తెరుస్తది, స్ట్రట్ చక్కగ జారి వస్తది. నా బండి క్లాంప్ మీద ఉలి పెట్టి సుత్తితోని కొట్టిన గాట్లు ఉన్నయ్, అవి ఇంతకుముందు లోయరింగ్ స్ప్రింగులు వేసినోళ్ల ప్రసాదం. ఉస్తాద్ ఆ గాటుని వేలితోని తడిమి నా దిక్కు చూసిండు, ఏం అనలే. తర్వాత పైన నట్టు, షాకప్ రాడ్ తిరగకుండ మధ్యల ఆలెన్ కీ పెట్టి చుట్టూ రింగు స్పానర్‌తోని బిగించిండు. పక్కన పిల్లగాడు ఎయిర్ గన్ తీస్కొస్తే ఒక్క అరుపు. ఆ మెరిసే రాడ్‌ని పకడుతోని పట్టుకున్నా, గన్‌తోని గిర్రున తిప్పినా గీత పడ్తది, గీత పడ్డ రాడ్ సీల్‌ని కోస్తది, కొత్త షాకప్ ఆర్నెల్లకి నూనె కారుస్తది, మనం కంపెనీని తిడ్తం. టాప్ మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాపులు, లింక్ రాడ్లు కొత్తవే వేసిండు, వీటిల పైసలు మిగిలిచ్చుడు అంటే మళ్లా ఇదే పని ఇంకోసారి చేయించుకునుడే.

వెనక దిక్కు పని సులువు, స్ప్రింగ్ వేరు షాకప్ వేరు ఉంటయ్ కాబట్టి. కానీ అసలు పనితనం నాకు కనపడ్డది అక్కడనే. చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌ల బోల్టులు చేతితోనే పెట్టి వదిలేసిండు, బిగించలే. కింద జాకీ పెట్టి చక్రం హబ్‌ని మెల్లగ లేపుకుంట, పొద్దున నేల మీద రాసిన సుద్ద నంబర్ వచ్చేదాక లేపి, అప్పుడు బిగించిండు. ఆ ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు బుష్‌ని చక్రం వేలాడంగ బిగిస్తే, బండి నేల మీద దిగినంక ఆ రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటది, రైడ్ గట్టిగ ఉంటది, బుష్ జల్దీ చిరుగుతది. చాలా చోట్ల బండి లిఫ్ట్ మీద ఉండంగనే అన్నీ బిగించి కిందికి దించుతరు, తర్వాత కస్టమర్ "కొత్త షాకప్‌లు గట్టిగున్నయ్" అని రివ్యూ రాస్తడు. మీరు ఏ బ్రాండ్ అన్నా కొనండి, మెకానిక్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, మొహంల జవాబు కనపడ్తది. తెల్లారి వీల్ అలైన్‌మెంట్ చేయించిన, అది ఎట్లాగూ తప్పదు.

ఇప్పటికి 11 నెలలు, 14 వేల కిలోమీటర్లు. కాలనీ సమాధి మీద ఇప్పుడు ఒక్కసారి ఎక్కి, ఒక్కసారి దిగి, అంతే, ముక్కు ఆగిపోతది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాక పదకొండున్నర కిలోమీటర్ల పొడుగునా జాయింట్లే కదా, ముందు ప్రతి జాయింట్ సీట్ల నుంచి పండ్ల దాక వచ్చేది, ఇప్పుడు చెవికి టక్ అని వినపడ్తది గాని ఒంటికి రాదు, ఈ తేడా నేను మాటలల్ల చెప్పలేను, ఎవరిదన్నా బండిల కూసొని చూడండి. ఓఆర్ఆర్ మీద వంద దగ్గర లేన్ మారితే బాడీ స్టీరింగ్ ఎంబడే వస్తది. అనంతగిరి, అదే మన మూసీ పుట్టే కొండలు, ఆ మలుపుల్ల బండి ఒరుగుతది, ఒరగదని అబద్ధం చెప్ప, స్ప్రింగులు పాతవే కదా, కానీ ఒరిగేది మెల్లగ, ఒక్కసారే ఒరిగి అక్కడ నిలబడ్తది, ఎంత పట్టుకున్నదో చేతికి తెలుస్తది. బి6 బండి అంత కరుకుగ తిరగదు, నాకు ఆ కరుకు అక్కర్లేదు.

చెయ్యనియి కూడా చెప్పాలె. వానలకి తారు లేచిపోయి అంచు కత్తిలెక్క ఉన్న గుంతల దిగితే దెబ్బ దెబ్బే, ఏ వాల్వ్ ఆపదు, అది టైరు రిమ్ము సంగతి. అయిదుగురు కూసొని డిక్కీ నిండా సామాన్ పెడ్తే వెనక కూలబడ్తది, ఎందుకంటే బరువు మోసేది షాకప్ కాదు, స్ప్రింగ్ అని పైన చెప్పిన కదా, నా స్ప్రింగులకి పన్నెండేళ్లు దాటినయ్, అవి కూడా కొత్తవి వేయించాల్సింది, పైసలు సరిపోక ఆగిన. టైర్ల సప్పుడు ఎట్లున్నది అట్లనే ఉన్నది. ఇంకోటి, పైస ఖర్చు లేనిది, టైర్ల గాలి. బంకుల గాలి కొట్టే పిల్లగాడు అన్ని బండ్లకి ఒకటే నంబర్ కొడ్తడు, మీది పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ మీద ఎంతున్నదో చూసి అంత పెట్టించుకోండి. నాది నాలుగు పాయింట్లు ఎక్కువుండె, అది దించితేనే సగం కంప్లైంట్లు పోయినట్టు అనిపిచ్చింది, షాకప్‌లు మార్చకముందు ఈ పని చెయ్యకపోతే మీ అంత తొందరపాటు మనిషి ఇంకోడు లేడు, నేను తప్ప.

ఖర్చు: నాలుగు షాకప్‌లు కస్టమ్స్‌తోని కలిపి ఇంటికొచ్చేసరికి నాకు 82 వేలు పడ్డయ్, మౌంట్లు, బేరింగులు, లింక్ రాడ్లు, చిల్లర కలిపి 15 వేలు, ఉస్తాద్ కూలి 8 వేలు. పాత బండికి లక్ష పెట్టుడేంది అని మా బావ ఇంకా తిడ్తనే ఉన్నడు. బఫర్లకి, లోయరింగ్ స్ప్రింగులకి, వాటిని వేసి తీసిన కూలికి నేను పోగొట్టుకున్నది ఆయనకి చెప్పలే. హైట్ మార్చాలనుకునేటోళ్లు మోటార్ వెహికల్స్ చట్టంల సెక్షన్ 52 కూడా ఒకసారి చూస్కోండి, కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చుడు గురించి 2019ల సుప్రీంకోర్టు కూడా గట్టిగనే చెప్పింది. నేను హైట్ ముట్టలే, అయినా ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి ఉంచిన.

పోయిన నెల సూర్యాపేట పోతుంటే అమ్మ నార్కట్‌పల్లి దాటినంక నిద్ర లేచి "వచ్చేసినమా" అన్నది, నిమ్మకాయ బ్యాగులనే ఉన్నది. కొంచెం సేపాగి "ఇన్నేండ్లకి బండి నడుపుడు నేర్చుకున్నవ్ బిడ్డా" అన్నది. లక్ష సంగతి ఆమెకి ఇప్పటిదాక తెల్వదు. పాత షాకప్‌లు నాలుగు బాల్కనీల గోనెసంచిల కట్టి పెట్టిన, అవేందని అడిగితే ఆఫీసు సామాను అని చెప్పిన.